గంప చీర

మొదట్లో నా చేతిలో ఉన్న ఇంగ్లీషు అంతా సంత సరుకే. కిలో, రేటు, బస్సు, టికెట్టు, బ్యాలెన్సు. ఎండుచేపలు అమ్ముకునేదానికి అవి చాలు. ఆ కాసిని మాటలతోనే నెల్లిమర్ల మిల్లు వీధుల్లో, శృంగవరపుకోట సంతలో ఇన్నేళ్లూ బేరం నెగ్గుకొచ్చాను. అవన్నీ కొనేవాళ్లతో అనే మాటలు. నా గురించి నేను చెప్పుకునే మాట వాటిలో ఒక్కటీ లేదు. అవసరమూ పడలేదు.

విశాఖలో పెట్టే ప్రదర్శనలో మా మహిళా సంఘానికి ఒక స్టాలు ఇస్తామన్నారు. అక్కడికి బయటి రాష్ట్రాలవాళ్లు వస్తారు కాబట్టి కొంచెం ఇంగ్లీషు రావాలని సాయంత్రాలు మాకు పాఠం పెట్టారు. చెప్పేది అనూరాధ మేడమ్, విజయనగరం అమ్మాయి. మొదటి పాఠం, పొద్దున్నే తయారై పనికి బయల్దేరడం. ఐ గెట్ అప్. ఐ టేక్ ఎ బాత్. ఐ గెట్ డ్రెస్డ్ ఇన్ మై రూమ్. ఐ లీవ్ ఫర్ వర్క్. వినడానికి ఎంత సుళువుగా ఉందో! ఆ పాఠంలోని ఆవిడ లేస్తుంది, తయారవుతుంది, వెళ్లిపోతుంది. మధ్యలో ఎవరికీ గంజన్నం పెట్టదు, ఎవరి బెల్టూ వెతికివ్వదు.

నా వంతు వచ్చింది. లేచి తడబడకుండా అప్పజెప్పాను. 'ఇన్ మై రూమ్' అనేసరికి వెనక నుంచి మా పక్కింటి గున్నమ్మ కిసుక్కున నవ్వింది.

"ఏ గది ఒదినా? పెరట్లో కొబ్బరాకు దడేనా నీ గది?"

మా ఊరి ఆడవాళ్లంతా గొల్లుమన్నారు.

"ఏంటండీ కూర్మమ్మగారూ, దడి ఏంటి?" అంది అనూరాధ మేడమ్.

"ఏటీ నేదు మేడమ్. గున్నమ్మకన్నీ ఆటలే," అని కూర్చున్నాను. చెవులు భగ్గుమన్నాయి.

గున్నమ్మ అన్నది నిజమే. శ్లాబు ఇల్లు కట్టి పాలు పొంగించిన మర్నాడే నా భర్త ఎల్లాజీ ఒక కట్టుబాటు పెట్టాడు. "కూర్మీ, కొత్తిల్లు ఇది. నీసు కంపు లోపలికి తేకు. నీ గంప చీర బయటే కట్టు, బయటే ఇప్పు." అప్పటికే ఆయన వేట మానేసి ఏదో కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. ఆయన యూనిఫాం నేను ఇస్త్రీ చేసి అద్దాల బీరువాలో తగిలిస్తాను. నేను అమ్మకానికి కట్టుకెళ్లే చీర పెరట్లో దండెం మీద ఉంటుంది. వానాకాలం తడి ఆరని చీరే చుట్టుకుని తొలి బస్సెక్కుతాను. దడి వెనక కుచ్చిళ్లు పెట్టుకునేటప్పుడు వీధిలో ఎవరైనా దగ్గితే, దొంగతనానికి వచ్చినదానిలా గోడకు అంటుకుపోతాను.

ఇంటికి నడుస్తూ ఆలోచించాను. నవ్వినందుకు గున్నమ్మ మీద కోపం రాలేదు. కట్టుబాటు ఆయన పెట్టాడు, సరే. దాన్ని తు.చ. తప్పకుండా నడిపింది ఎవరు? చుట్టాలొస్తే "సూడండి, మా ఇంట్లో నీసు వాసనే రాదు" అని గొప్పలు పోయింది ఎవరు? సంతలో ఎవడైనా సరుకును చులకన చేస్తే గంప ఎత్తుకుని వచ్చేసేదాన్ని నేను. అలాంటిదాన్ని ఇంట్లో మాత్రం అడగకముందే ధర తగ్గించి నన్ను నేను ఇచ్చేసుకున్నాను. తలెత్తలేనంత సిగ్గు వేసింది.

మర్నాడు పొద్దున్నే దండెం మీంచి చీర తీసి గదిలోకి తెచ్చాను. లైటు వేశాను. మంచం మీద ఎల్లాజీ ముక్కు మూసుకుని లేచి కూర్చున్నాడు.

"ఒసే, ఏటిది? బయటికెల్లి కట్టుకో!"

"ఇక్కడే కట్టుకుంతాను మావా."

"పిచ్చేటే నీకు? నా యూనిఫారంకి అంటుకుంతాది. గేటు కాడ నా పరువేటవుతాది? అందరూ నవ్వుతారు."

"నిన్న నన్ను సూసి నవ్వినారు. నానేటీ సచ్చిపోనేదు."

"ఇంటికి మంచిది కాదే కూర్మీ."

"ఈ ఇల్లు ఏటి అమ్మితే లేసింది మావా? మల్లిపూలా?"

ఆయన మంచం దిగాడు. దుప్పటి భుజాన వేసుకుని విసురుగా బయటికి వెళ్లాడు. నేను అక్కడే చీర కట్టుకున్నాను. అద్దంలో కుచ్చిళ్లు వంకరగా కనిపిస్తే విప్పి మళ్లీ పెట్టాను. తొందరపడలేదు.

ఆ రోజు తొలి బస్సు తప్పిపోయింది. నెల్లిమర్ల చేరేసరికి మిల్లు షిఫ్టువాళ్లు వెళ్లిపోయారు. సరుకు చాలా మటుకు తిరిగొచ్చింది. ఎల్లాజీ నాతో మాట్లాడటం మానేశాడు. విశాఖ స్టాలుకు నన్ను పంపుతాడో లేదో తెలియదు. ఇవన్నీ నష్టాలే, కాదనను. ఇక మిగులు ఏమిటంటే, ఆ పొద్దున ఆయన బయటికి వెళ్లగానే నేను గది తలుపు వేసుకున్నాను. ఆ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి బయటి గొళ్లెమే గానీ లోపలి గడియ నా చేత్తో వేసి ఎరగను. అది పడ్డాక గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.