కొట్టక్కర్లేదు, పట్టుకుంటే చాలు

నేను ఒక క్యారమ్ బోర్డుని. అల్లాటప్పా బోర్డుని కాను. రాజమండ్రిలో మస్తాన్ గారి చేతుల్లో పుట్టాను. ఆయన నా ఒంటిని అద్దంలా నున్నబడేదాకా రుద్ది, స్ట్రైకర్‌ని ఒక్క గోటిదెబ్బతో వదిలితే అది నాలుగు అంచులనీ తాకి మళ్లీ ఆయన చేతికే వచ్చింది. "దీని మీద కొట్టిన దెబ్బ వృథా పోదు" అన్నారాయన. గర్వమా అంటే, ఉంది. దాచుకోను.

నన్ను కొన్నది విశాఖపట్నంలో, రుషికొండ మీది ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. అద్దాల మేడ, కిటికీలోంచి సముద్రం. నన్ను పెట్టిన గది పేరు ఫన్ జోన్. పక్కన తీగలు లేని గిటారు ఒకటి ఉండేది. మేమిద్దరం ఉద్యోగుల కోసం కాదని, చూడవచ్చేవాళ్ల కోసమని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆడుదామని వచ్చినవాడు అద్దం వెనక మేనేజరు తల కనిపించగానే నీళ్ల సీసా నింపుకుని పోయేవాడు. పుట్టినరోజు కేకులు మాత్రం నా మీదే కోసేవారు. మస్తాన్ గారు చూసుంటే ఏమనేవారో!

వకుళ నన్ను చూసే ఆ ఉద్యోగంలో చేరింది. బొబ్బిలి పిల్ల. మేనమామ సైకిల్ షాపు అరుగు మీద ఆట నేర్చి, కాలేజీ రోజుల్లో జిల్లా పోటీ గెలిచింది. ఇంటర్వ్యూ రోజున నా అంచు మీద చెయ్యి వేసి, "ఇలాంటి బోర్డు పెట్టారంటే మంచోళ్లే అయ్యుంటారు మావయ్యా" అని ఫోనులో చెప్పింది. మరో కంపెనీ ఎక్కువ జీతమిస్తానన్నా కాదనుకుంది. మనుషులు ఇంతే. వాకిట్లో ముగ్గు చూసి సంబంధం ఖాయం చేసుకుంటారు.

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె పని. మనసు పెట్టి చేసింది. మీటింగులో "మనమంతా ఒకే కుటుంబం" అంటే అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది. ఆదివారాలు కూడా వచ్చింది. నాలుగేళ్లలో నా మీద ఒక్క కాయిన్ కదపడానికి తీరలేదు. ఒక సోమవారం పక్క సీటు సత్యవేణి కార్డుకి తలుపు తెరుచుకోలేదు. ఉద్యోగం పోయిన సంగతి ఆ పిల్లకి తలుపే చెప్పింది. వకుళ వచ్చి నా ముందు కూలబడింది.

"ఇంటి మనిషికి తలుపు తియ్యని కుటుంబం ఏటి కుటుంబం!"

నాతోనే అంది, అక్కడ ఇంకెవరూ లేరు. ఆ తర్వాత పనిలో తప్పు రానివ్వలేదు గానీ ముఖంలో కళ పోయింది. నాకు చాలా బాధ వేసింది.

ఆ నెలలోనే నర్సీపట్నం వైపు కాలేజీ పిల్లలు ఆఫీసు చూడ్డానికి వచ్చారు. హెచ్.ఆర్.లో పనిచేసే మాన్విత నా మీద కాయిన్లు పేర్పించి, వకుళని కూర్చోబెట్టి ఫొటో తియ్యడానికి ఫోను పైకెత్తింది. "స్ట్రైకర్ పట్టుకోండి వకుళ గారూ. కొట్టక్కర్లేదు, పట్టుకుంటే చాలు. నవ్వండి!"

వకుళ నవ్వింది. మాన్విత పిల్లల్ని కాఫీ మిషన్ దగ్గరికి తీసుకుపోయింది. నూకరత్నం అనే అమ్మాయి మాత్రం ఆగిపోయింది.

"అక్కా, నిజం చెప్పండి. ఇక్కడ ఆడతారేటి?"

ఇంటర్వ్యూ రోజున వకుళ అడగకుండా వదిలేసిన ప్రశ్న అది. అవునంటే ఈ పిల్ల కూడా ముగ్గు చూసి చేరుతుంది. కాదంటే ఆ మాట పైదాకా పోయి తన ఉద్యోగానికే ఎసరు పెట్టొచ్చు. నా గుండె ఆగినంత పనైంది. బోర్డుకి గుండె ఎక్కడిదని అడక్కండి.

"ఆ మూల వల ముట్టుకుని చూడమ్మా" అంది వకుళ చివరికి.

"కొత్తదాన్లా ఉందక్కా."

"నేనొచ్చి నాలుగేళ్లయింది."

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "అయితే చేరొద్దంటారా?"

"చేరు. పని నేర్చుకుంటావు, ఒకటో తారీకున జీతం పడతాది. ఉద్యోగమని చేరు, ఇల్లనుకుని చేరకు. నీ ఆట వాళ్లు ఆడిస్తారని కూర్చోకు, నువ్వే ఆడుకో."

అనేసి, ఇంకా తన చేతిలోనే ఉన్న స్ట్రైకర్‌ని చూసుకుంది. చెప్పిన మాట తనకే తగిలింది. చున్నీతో నన్ను శుభ్రంగా తుడిచి, వేలు మడిచి కొట్టింది. అబ్బ! మస్తాన్ గారి తర్వాత నాకు తగిలిన అసలైన దెబ్బ అదే. తెల్ల కాయిన్ నేరుగా వెళ్లి వలలో పడింది. ఆ చప్పుడుకి పిల్లలంతా కాఫీ వదిలేసి వచ్చి చుట్టూ మూగారు. మాన్విత మళ్లీ ఫొటో తీసి, "ఇది న్యాచురల్‌గా వచ్చిందండీ" అని కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టించింది. ఆ వెబ్‌సైట్ మొత్తంలో నిజం అదొక్కటే.

ఆ రోజు నుంచి సాయంత్రం పని కాగానే వకుళ ల్యాప్‌టాప్ మూసి నా దగ్గరికి వచ్చేది. మేనేజరు గొంతు సవరించుకుంటే, "ఇవాల్టి పని అయిపోయిందండీ, రేపటిది రేపు" అనేది. ఆ ఏడాది రేటింగులో ఆమెకు "సామాన్యం" అని వేశారు. ఆ మధ్యాహ్నం ఆమె పెరుగన్నం ఒక్క మెతుకు మిగల్చకుండా తింది. నేను చూశాను, నా మీదే డబ్బా పెట్టుకుంది.

తర్వాత కంపెనీ చిన్న చోటికి మారింది. ఫన్ జోన్ ఎత్తేసి నన్ను లిఫ్టు పక్కన విరిగిన కుర్చీల్లో పడేశారు. వకుళ అడిగి తీసుకుని, ఆటోలో ఎంవీపీ కాలనీకి, తానుండే లేడీస్ హాస్టల్‌కి తెచ్చింది. నూకరత్నం అదే కంపెనీలో చేరి, అదే హాస్టల్‌లో దిగింది. ఇప్పుడు రోజూ వకుళకి ఎదురుగా కూర్చునేది ఆమే.

ఇప్పుడు నా ఒంటి నిండా గీతలే. నడిమి వలయం సగం చెరిగిపోయింది. నిన్న నూకరత్నం కొట్టిన దెబ్బకి ఒక మూల వల తెగింది. వకుళ లోపలికెళ్లి పాత ఐడీ కార్డు పట్టీ తెచ్చి, దాంతో వలని గట్టిగా బిగించి కుట్టింది.

"ఇన్నాళ్లూ మెడలో ఊరికే వేలాడింది. ఇకనైనా ఏదో ఒకటి పట్టుకుంటాది" అంది.

మళ్లీ ఆట మొదలెట్టి వకుళ కొడితే, రెడ్ కాయిన్ వచ్చి సరిగ్గా అందులోనే పడింది. పట్టీ ఆగింది.

"కవర్ వెయ్యక్కా, చూద్దాం!" అని నూకరత్నం సవాలు చేసింది. వకుళ వెంటనే ఇంకో కాయిన్ కొట్టి కవర్ వేసింది.

నన్ను మ్యూజియంలో పెడతామని ఎవరైనా వస్తే రానని చెప్పండి. చూడ్డానికి ఉన్నన్నాళ్లు ఉన్నాను. మస్తాన్ గారూ, ఇప్పుడు ఒక్క దెబ్బా వృథా పోవడం లేదు.