ఉరిమాక అడిగిన కథ

ఆ ఏడు ఉరుము తొందరపడింది. ఫిబ్రవరి ఇంకా వెళ్లనే లేదు, కొండ వెనకాల మబ్బు ఒక్కసారి గుర్రుమంది. గొర్రెలకు గడ్డి వెయ్యడం అలాగే ఆపి ఇంట్లోకొచ్చాను. గోడకు తగిలించిన దారం తీసి, చుట్ట చుట్టి, కాఫీ డబ్బాలో పెట్టి మూత బిగించాను. మా అమ్మ అలాగే చేసేది, వాళ్లమ్మా అలాగే చేసేదట. చలికాలపు కథలూ, వేళ్ల మీద ఆడే దారపు ఆటలూ మొదటి ఉరుముతో సరి. మళ్లీ నేల గడ్డకట్టి పాములు నిద్రపోయేదాకా వాటి ఊసెత్తకూడదు. అమెరికాలో మా నవాహో తెగవాళ్ల ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది.

మనవరాలు వెర్లిండా గుమ్మంలో నిలబడి ఆ డబ్బా వంకే చూస్తోంది. చేతిలో రికార్డరు.

"అమ్మమ్మా, అది ఉరుము కాదేమో. లారీయేమో."

"లారీలు ఆకాశంలో ఎప్పట్నుంచి తిరుగుతున్నాయే?"

"ఎక్కడో దూరంగా కదా. నీకు వినబడలేదనుకో."

"నాకు వినబడకపోయినా పాముకి వినబడింది. ఇప్పుడు కథ చెబితే అది నేరుగా నా పక్కలోకొస్తుంది. నీకు చదువు పట్టా, నాకు పామా?"

వెర్లిండా నవ్వలేదు. అది నవ్వలేదంటే కష్టం పెద్దదన్నమాటే.

దానికి నలభై దగ్గరపడుతున్నాయి. మా రేడియోలో మా భాషలో మాట్లాడుతుంది. ఎవరి ఆవు తప్పిపోయింది, ఎవరి అంత్యక్రియలు ఎక్కడ, బాస్కెట్‌బాల్‌లో ఎవరి పిల్లలు గెలిచారు, అన్నీ దాని నోటే వింటాం. వయసులో ఉన్నప్పుడు పట్నం వెళ్లి ఎమ్మేలో చేరింది. వాళ్లమ్మ, అంటే నా కూతురు, మంచాన పడితే చదువు వదిలేసి వచ్చేసింది. తర్వాత చదువుతానంది. ఆ 'తర్వాత' వచ్చేసరికి దానికి జుట్టు నెరిసింది. ఇప్పుడు కంప్యూటర్లోనే చదువుతోంది, మాస్ కమ్యూనికేషన్.

"అంటే ఏమిటే?" అని మొదట్లో అడిగాను.

"ఒక సంగతి ఒకేసారి అందరికీ చేరవెయ్యడం."

"దానికి చదువెందుకు? ఎల్సీ చెవిలో వేస్తే సరిపోతుందిగా." ఎల్సీ మా పొరుగావిడ.

మా ఇంట్లో సిగ్నల్ అందదు. అందుకని పాఠం ఉన్న ప్రతి సాయంత్రం పికప్ బండి తీసుకెళ్లి, మీటింగులు జరిగే చాప్టర్ హౌస్ ముందు ఆపి, ఒళ్లో కంప్యూటర్ పెట్టుకుంటుంది. ఒక్కతే అయితే కునుకు తీస్తుందని నేనూ వెళ్తాను, పక్క సీట్లో ఉన్ని వడుకుతూ.

చదువు ముగియాలంటే గంటసేపు రేడియో కథనం ఒకటి చేసి మేలో ఇవ్వాలి. మా పాత కథల్లోని సాలీడమ్మ మనుషులకు దారం ఆట ఎలా నేర్పిందో ఆ కథ నాచేత చెప్పిస్తానని డిసెంబరులోనే రాసి పంపింది. సరేనని పాఠం చెప్పే మేడమ్ దగ్గర్నుంచి జవాబు వచ్చిన వారానికే ఉరిమింది.

"వచ్చే చలికాలం ఇస్తానని చెప్పవే," అన్నాను.

"ఒకసారి 'తర్వాత' అన్నాను అమ్మమ్మా. మళ్లీ అనను."

మర్నాడు నన్ను బండెక్కించుకుని మా తమ్ముడు హాస్కీ ఇంటికి వెళ్లింది. వాడు కంచె బాగుచేసుకుంటున్నాడు.

"తాతయ్యా, నువ్వైనా చెప్పవూ."

"అమ్మో! ఉరిమాక కథ చెప్పిన మా మేనమామకి ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"అది కూడా చలికాలంలోనే చెప్పాలి."

నేను కడుపు పట్టుకుని నవ్వాను. వాడు సుత్తి పక్కన పడేసి కంచె కమ్మీకి ఆనుకున్నాడు. కథ ఒక్కటీ తప్ప అన్నీ చెప్పాడు. తలుపు సగందాకా మంచు పేరుకున్న ఆ ఏడు, పొయ్యి మీద ఉడికే గొర్రె మాంసం, దారం చిక్కుపడితే తాత మొట్టిన మొట్టికాయ, పళ్ల మధ్య నాలుక పెట్టి దారం లాగే మా అక్క.

తిరిగొస్తుంటే రికార్డరు ఎర్ర దీపం ఇంకా వెలుగుతోంది. ఆపడం మరిచిపోయింది. వెనక్కి తిప్పి వినిపించింది. మొత్తం ఉంది, నా నవ్వుతో సహా. వెర్లిండా నడిరోడ్డు మీద బండి ఆపేసింది.

"అమ్మమ్మా, ఇదే!"

"ఏది?"

"అందర్నీ అడుగుతాను. ఎవరూ చెప్పరు. ఎందుకు చెప్పరో, ఎప్పుడు విన్నారో అది చెప్తారు. అదే నా కథనం."

ఆ సాయంత్రం కంప్యూటర్లో మేడమ్ నొసలు ముడిచింది. వాళ్ల ఇంగ్లీషు మాటలు వెర్లిండా నాకు తర్వాత చెప్పింది.

"వినేవాళ్లు గంటసేపు కథ కోసం ఎదురుచూస్తారు. చివరికి కథే రాకపోతే మోసపోయామనుకోరూ?"

"మేం ఏటా ఎనిమిది నెలలు ఎదురుచూస్తాం మేడమ్. మోసపోయామని ఇంతవరకూ ఎవరూ అనలేదు."

"సరే. రెండు వారాల్లో మొదటి భాగం పంపు. అది నిలబడకపోతే మాత్రం వచ్చే చలికాలమే," అంది మేడమ్.

ఇక చూడాలి దాన్ని! డ్యూటీకి ముందు ఒక ఇల్లు, డ్యూటీ దిగాక ఇంకో ఇల్లు. మార్చి బురదలో బండి కూరుకుపోతే, నన్ను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి తను వెనక నుంచి నెట్టింది. ముఖం నిండా బురద, రికార్డరు మాత్రం చొక్కా లోపల భద్రం. ఎల్సీ కూడా ఆ కథ చెప్పనని నోరు మూసుకుంది. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

ఆఖరికి మా వంటింట్లో మైకు నా ముందు పెట్టింది.

"చెప్పను," అన్నాను. అని, ఊరుకోలేక చెప్పాను. "మీ అమ్మ వేళ్లు సన్నగా ఉండేవి. దారంతో నక్షత్రాల గుంపు వెయ్యడంలో దాన్ని మించినవాళ్లు లేరు. నేను సగం వేసేసరికి తను పూర్తిచేసి నా ముఖం ముందు ఆడించేది. పాము వస్తే రానీలే, ఈ మాత్రం చెప్పొచ్చు."

వెర్లిండా హెడ్‌ఫోన్ తీయలేదు. కళ్లు మాత్రం తుడుచుకుంది.

మొదటి భాగం పంపిన మూడో రోజు జవాబు వచ్చింది. చాప్టర్ హౌస్ ముందే చదివింది. మిగతాదీ పంపమన్నారు. నా కదురు కిందపడేంత గట్టిగా కేక పెట్టింది. మేలో పాసైంది. పట్టా తపాలాలో వస్తే, గోడ మీద దారం తగిలించే మేకుకే తగిలించింది.

అక్టోబరు చివర నీళ్ల తొట్టి మీద మంచు పొర కట్టింది. పట్టాను పక్క మేకుకు జరిపి, కాఫీ డబ్బా మూత తీసి దారం అందుకున్నాను. వెర్లిండా పరుగున వచ్చింది, చేతిలో మళ్లీ రికార్డరు.

"పెట్టనా అమ్మమ్మా?"

"పెట్టుకుంటే ఆ బల్ల మీద పెట్టుకో. నీ చేతులు మాత్రం నాకు కావాలి. ఇలా చాపు."