తేనెటీగ పదిహేడో పుస్తకం

పదిహేడు దొరికిందని చెదపురుగు ఫోన్ చేసినప్పుడు నేను లాబ్‌లో నీళ్ల సీసాలకు చీటీలు అంటిస్తున్నాను. సంతోషించాల్సిన వార్తే. కానీ చేతిలో సీసా పక్కన పెట్టేశాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

చెదపురుగు అంటే బస్టాండు వెనక సందులో పాత పుస్తకాలు అమ్మే ఆయన. ఏ పుస్తకమైనా తాను ముందు నమిలేసి గానీ మన చేతికివ్వడని నా భార్య పెట్టిన పేరు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి మురిసిపోయేవాడు కూడా.

పదిహేడు అంటే తేనెటీగ నవలల్లో పదిహేడోది. తేనెటీగ ఒక అంతరిక్ష నౌక. బాగా డొక్కుది. గ్రహం నుంచి గ్రహానికి సరుకులు మోస్తూ, వెళ్లిన ప్రతిచోటా తనకు సంబంధం లేని గొడవలో తలదూరుస్తూ నలభై పుస్తకాలకు పైగా తిరిగింది. ఎడమచేతి వాటం కెప్టెన్, ఎవరి మాటా వినని పైలట్ పిచ్చుక, ఏ పుస్తకంలోనూ ఒక్కసారైనా నవ్వని వంటవాడు. కొత్త పుస్తకం తెరిస్తే ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారు. వంటవాడి సూప్‌లో ఉప్పు ఉండదు. కెప్టెన్ పాత తప్పే కొత్త గ్రహం మీద చేస్తాడు. గొప్ప సాహిత్యం అని నేను అనను. కానీ ఎన్నేళ్ల తరువాత తలుపు తట్టినా అదే మనిషి వచ్చి తలుపు తీసి, నిన్ననే చూసినట్టు లోపలికి రమ్మంటే ఎలా ఉంటుందో ఆ పుస్తకాలు అలా ఉంటాయి. నా భార్య చనిపోయిన ఏడాది వాటిని మొదటి నుంచీ మళ్లీ చదివాను. తేనెటీగలో ఎవరూ నన్ను పరామర్శించలేదు. అదెంత హాయిగా ఉండిందో చెప్పలేను.

పదిహేడు మాత్రం మా దగ్గర లేదు. మాకు తెలిసిన ఎవరి దగ్గరా లేదు. అచ్చయి బయటికొస్తూ ఉండగానే గోదాములోకి వాననీళ్లు వచ్చి అక్కడున్న ప్రతులన్నీ ముద్దయిపోయాయట. మళ్లీ వేయలేదు. పదహారో పుస్తకం చివర్లో పిచ్చుక ఏదో ఉపగ్రహం మీద ఒంటరిగా చిక్కుబడిపోతుంది. నౌక ఆమెను వదిలి వెళ్లక తప్పదు. పద్దెనిమిది తెరిస్తే ఏమీ జరగనట్టు తన సీట్లో కూర్చుని ఉంటుంది. ఎడమచేతికి చిటికెనవేలు ఉండదు. ఒళ్లో బొంత అనే ఆరుకాళ్ల జంతువు ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో పాఠకులకు తెలియదు.

నా భార్యకు తెలుసు. చిన్నప్పుడు వాళ్ల చిన్నాన్న కొన్న ప్రతి చదివానని, దాన్ని ఎవరో అడిగి తీసుకెళ్లి తిరిగివ్వలేదని చెప్పేది. పెళ్లయిన కొత్తలో ఆ కథ నాకు చెప్పింది. తరువాత మా అమ్మాయికి తల దువ్వుతూ, జ్వరమొస్తే పక్కన కూర్చుని, ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

పిచ్చుక దగ్గరున్న రేడియో ఒకవైపే పనిచేస్తుంది. మాట వెళుతుంది, జవాబు రాదు. అయినా సాయంత్రమయ్యేసరికి దాని ముందు కూర్చుని మాట్లాడుతుంది. ఇవాళ ఏం తిన్నదీ, తలుపు సందులో వేలెలా నలిగిందీ, బొంత ఎడమ బూటు మడమ ఎలా కొరికిందీ చెబుతుంది. అక్కడ నౌకలో అందరూ ఆశ వదులుకుంటారు. వంటవాడు మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని, హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని, రెండో చెవి పొయ్యికి వదిలి వింటూ ఉంటాడు. ఆమె కబుర్లను బట్టే ఆమె ఎక్కడుందో కనిపెట్టి, కెప్టెన్‌తో పోట్లాడి, నౌకను వెనక్కి తిప్పిస్తాడు. ఇదీ పదిహేడు.

మా అమ్మాయిని ఇంట్లో పిచ్చుక అనే పిలుస్తాం. తల్లి పెట్టిన పేరే. అది చదువు కోసం వేరే ఊరు వెళ్లినప్పుడు తల్లీకూతుళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. సాయంత్రం ఒకే ఒక్క రింగు. రెండోవాళ్లు ఎత్తకూడదు. ఎత్తకపోతే వింటున్నట్టు. నా భార్య పోయాక ఇల్లూ పుస్తకాలూ మిగిలినట్టే ఆ రింగు కూడా నాకు మిగిలింది. పిచ్చుక ఇప్పుడు కొండమీది వాతావరణ కేంద్రంలో పనిచేస్తుంది. బెలూన్లు పైకి వదిలి, అవి పంపే సంకేతాలు పట్టుకోవడం దాని పని. తల్లి పోయాక మా మధ్య మాటలు బాగా తగ్గాయి. ఏది మొదలుపెట్టినా చివరికి అక్కడికే చేరుతుందని ఇద్దరికీ భయం. అందుకని వానల గురించి, బస్సుల గురించి రెండు ముక్కలు మాట్లాడుకుని ఊరుకుంటాం. రింగు మాత్రం ఆగలేదు.

ఇప్పుడు అసలు పుస్తకం బయటపడింది. అందులో వంటవాడు వినకపోతే? అసలు ఆ రేడియోనే లేకపోతే? నా భార్య ఆ పుస్తకం ముఖమే చూడలేదని తేలితే? మా అమ్మాయికీ నాకూ మధ్య మిగిలిన ఒక్క దారం కూడా తెగిపోతుందేమోనని నా బెంగ.

లాబ్ నుంచి నేరుగా దుకాణానికి వెళ్లాను. చెదపురుగు పుస్తకాన్ని టవల్లో చుట్టి బల్ల కింద దాచి ఉంచాడు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ బస్తాలకెత్తిన వాటిలో వచ్చిందట. అట్ట మూల చిరిగింది తప్ప పేజీలన్నీ ఉన్నాయి. చదివారా అని అడిగాను.

"చదవకుండా ఇస్తే నా పేరేం కావాలి సార్?"

ఎలా ఉందని అడిగితే ఆయన టవల్ మడతపెట్టాడు. మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టాడు.

"నేనేం చెప్పను. మీరే చూసుకోండి. మేడమ్ గారు ఆ కథ నాక్కూడా చెప్పారు కదా."

ధర సంగతి తరువాత చూద్దామన్నాడు. ఆయన నోట ఆ మాట ఎన్నడూ వినలేదు. నా బెంగ రెట్టింపయింది.

మా ఇంట్లో కొత్త తేనెటీగ వస్తే అందరూ చేరేదాకా తెరవకూడదని నియమం. పుస్తకాన్ని టవల్‌తో సహా భోజనాల బల్ల మీద పెట్టి, బల్లకు ఆ చివర కూర్చుని తిన్నాను. సాయంత్రం రింగు వచ్చింది. ఎత్తలేదు. పది నిమిషాలాగి నేనే ఫోన్ చేసి, విషయం చెప్పాను. శనివారం బస్సుకు వస్తానంది.

వచ్చింది. సంచీ దించి, బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, టవల్ కొస ఎత్తి చూసి మళ్లీ కప్పింది. నేను టీ పెట్టి తెచ్చాను.

"నేనూ దీని కోసం వెతికాను నాన్నా," అంది. "వెతుకుతూనే, దొరక్కపోతే బాగుండు అనుకునేదాన్ని."

"తిరిగిచ్చేద్దామా మరి?"

"ఇచ్చేస్తే రోజూ ఇదే ఆలోచన. నువ్వు చదువు. నేను వింటా."

మొదటి అధ్యాయం నాలుగో పేజీలోనే అటుగా పోతున్న సరుకు ఓడ ఒకటి పిచ్చుకను చూసి ఎక్కించుకుంది. అంతే. ఆ ముక్క తేల్చేసి, కథ రత్నాల గని గురించి, దాని మీద పడ్డ దొంగల గురించి పరుగెత్తింది. రేడియో ఊసే లేదు. చదవడం ఆపేశాను. అమ్మాయి వైపు చూసే ధైర్యం చాలలేదు.

"ఊఁ, చదువు," అంది.

చదివాను. దొంగలొచ్చారు. కెప్టెన్ కుడిచేత్తో తుపాకీ తీశాడు.

"ఏ చేత్తో?"

"కుడిచేత్తో."

"మన కెప్టెనే?"

మళ్లీ చూశాను. సందేహం లేదు, కుడిచేత్తోనే తీశాడు. రెండు పేజీల తరువాత వంటవాడు విందు చేశాడు. సూప్‌లో ఉప్పు సరిగ్గా సరిపోయిందని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు వంటవాడు పకపకా నవ్వాడు.

"వాడు నవ్వడమేంటి నాన్నా? ఎవడు రాశాడు దీన్ని?"

నేను తలెత్తాను. మా పిచ్చుక నవ్వుతోంది. మామూలుగా కాదు, టీ ఒలికిపోతుందని కప్పు దూరంగా పట్టుకుని మరీ. తల్లి పోయాక ఆ నవ్వు వినడం అదే మొదలు. నాకూ నవ్వొచ్చింది. అక్కడి నుంచి మేం చదివింది నవల కాదు, తప్పులు ఏరే పని. తేనెటీగకు రెండు రెక్కలైతే ఈ పుస్తకంలో మూడున్నాయి. పైలట్ పిచ్చుక ఒకరు చెప్పిన మాట బుద్ధిగా విని తలూపింది. రచయితకు ఒంట్లో బాగోక ఇంకెవరి చేతనో రాయించి ఉంటారని, ఆ రాసినవాడు ముందు పుస్తకాలు తిరగేసిన పాపాన పోలేదని అమ్మాయి తీర్పు చెప్పింది.

ఐదో అధ్యాయానికి వచ్చేసరికి సరుకు ఓడ తలుపు పిచ్చుక చిటికెనవేలి మీద పడింది. ఆ పక్క పేజీలో ఒక బస్తాలోంచి బొంత దూకి, ఆమె ఎడమ బూటు మడమ కొరికేసింది.

ఇద్దరం ఒకేసారి ఆగాం. తలుపు సందులో నలిగిన వేలు, ఎడమ బూటు మడమ. నా భార్య కథలో అవి రెండూ ఉన్నాయి. ఆ మడమ గురించి మరే పుస్తకంలోనూ లేదు.

"అమ్మ చదివింది," అంది పిచ్చుక మెల్లగా. "నిజంగానే చదివింది. చదివి, ఇలా ఉండకూడదనుకుంది."

అప్పుడు నాకొకటి కళ్ల ముందు మెదిలింది. నా భార్య టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరు. నేను మొదటిసారి చూసినప్పుడు వరసగా కూర్చున్న ఆడవాళ్లలో ఆమె ఒక్కతే హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని ఉంది. అడిగితే, ఒక చెవి లైనుకి, ఒక చెవి సూపర్‌వైజరుకి అంది. ఎవరూ మాట్లాడని లైన్లు కూడా ఊరికే ఒకసారి విని చూసేదట, ఎవరైనా అటువైపు ఉండిపోయారేమోనని. ఇదంతా అమ్మాయికి చెప్పాను. దానికి ఈ సంగతి తెలియదు. కప్పు బల్ల మీద పెట్టి, కళ్లు తుడుచుకుని, "అయితే వంటవాడు అమ్మేనన్నమాట," అంది. మళ్లీ ఆలోచించి, "సూప్‌లో ఉప్పు లేకపోవడం కూడా సరిపోయింది," అని చేర్చింది. వాళ్లమ్మ వంటలో ఉప్పెప్పుడూ తక్కువే.

ఆ సాయంత్రం చీకటి పడేదాకా ఆమె గురించే మాట్లాడుకున్నాం. ఇన్నాళ్లూ ఇద్దరం దేనికి భయపడ్డామో అదే జరిగింది, ఎవరికీ ఏమీ కాలేదు. వానల సంగతి గానీ బస్సుల సంగతి గానీ ఎత్తనే లేదు.

అలమారలో పదహారుకూ పద్దెనిమిదికీ నడుమ ఉన్న ఖాళీలో నా భార్య తన కళ్లజోడు పెట్టె పెట్టి ఉంచేది, ఆ చోటు ఇంకే పుస్తకమూ ఆక్రమించకుండా. అమ్మాయి పెట్టె తీసి పదిహేడు దూర్చి, వెనక్కి జరిగి చూసింది. పుస్తకం తీసేసి పెట్టె మళ్లీ అక్కడే పెట్టేసింది. నేను పుస్తకాన్ని మళ్లీ టవల్లో చుట్టాను.

మర్నాడు బస్సుకు వెళుతూ దారిలో పుస్తకం తిరిగిచ్చాం. చెదపురుగు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"ఇది రాసినవాడు తేనెటీగ ఎక్కినవాడు కాదండీ," అంది పిచ్చుక.

ఆయన పెద్ద ఊపిరి వదిలి కుర్చీలో కూలబడ్డాడు. మేం బాధపడతామని మూడు పూటలు సరిగ్గా తినలేదట. "పదిహేడులో ఏముందని అడిగేవాళ్లు వస్తూనే ఉంటారమ్మా. అందరికీ మీ అమ్మగారి కథే చెబుతున్నాను. ఇప్పుడు ఇది చూపించమంటారా?"

"మీరే నమిలేసెయ్యండి," అంది అమ్మాయి.

బస్సు కదిలాక ఇంటికొచ్చి, మిగిలిన టీ కప్పులు కడిగాను. కిటికీలోంచి బల్ల మీదికి ఎండ వచ్చి, తరువాత వెళ్లిపోయింది. సాయంత్రం ఫోన్ ఒకసారి మోగింది.

చేతులు తుడుచుకుంటూ దాని పక్కన నిలబడ్డాను. ఎత్తలేదు.