రెండు కుట్లు వెనక్కి

పొద్దున్నే లేవడం, మొహం కడుక్కోవడం, కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలతో పాట కట్టడం. ఆ ఇంట్లో అన్నయ్య దినచర్య అదే. వెనకటి రెండు స్వరాల అంకెలు కూడితే తరవాతి స్వరం వస్తుంది. దానికి ప్రతిసారీ ఆవగింజంత భిన్నం కలిపితే పాట ఎన్నటికీ మొదటికి రాదు. "నా పాటకి ముగింపే లేదు" అని గొప్పగా చెప్పుకునేవాడు. సగం రంగు వేసిన తలుపుని మూడేళ్లుగా అలాగే వదిలేసిన మనిషికి అంతకన్నా నప్పే సూత్రం ఎక్కడ దొరుకుతుంది?

చిక్కేమిటంటే, చెల్లెలు నెల తప్పిన దగ్గర్నుంచీ ఆ పాటే వింటోంది. వాళ్ల వంశంలో పిల్లలు తల్లి వింటున్న పాట అయ్యేదాకా బయటికి రారు. డాక్టరమ్మ చెప్పిన తేదీ దాటి అప్పటికి పన్నెండు రోజులు.

ఇంటికొచ్చి చెల్లెల్ని చూసిన డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, "పాట ఎంతవరకు వచ్చింది?" అని అడిగింది.

"అది అవదండీ," అన్నాడు అన్నయ్య నేలచూపులు చూస్తూ.

"సాయంత్రంలోగా అవ్వాలి. బిడ్డ కదలిక తగ్గుతోంది."

అతను గబగబా వెళ్లి పాట ఆపేశాడు. చెల్లెలు పొట్ట మీద చెయ్యేసుకుని తల అడ్డంగా ఊపింది.

"ఆపావంతే అన్నయ్యా. అవలేదు. లోపలున్న బిడ్డకి తెలుస్తోంది."

వరండాలో వాళ్లమ్మ పుట్టబోయే బిడ్డకి చొక్కా అంచు కుడుతోంది. ఊళ్లో సగం మంది బట్టలు ఆవిడ కుట్టినవే. దారం తెంపబోతూ సూదిని వెనక్కి తిప్పి రెండు కుట్లు వేసింది.

"వెనక్కెందుకమ్మా?" అని అడిగాడు అక్కడికొచ్చిన అన్నయ్య.

"ముందుకే కుడుతూ పోతే ఎక్కడ తెంపినా ఊడిపోతుందిరా. వెనక్కొచ్చి ముడెయ్యాలి. ఇన్నేళ్లు నా పక్కన కూర్చుని ఏం చూశావు?"

అన్నయ్య అక్కడే చతికిలబడి కంప్యూటర్ తెరిచాడు. కూడికలన్నీ తీసివేతలు చేశాడు. ఆవగింజల్ని ఒక్కొక్కటిగా ఏరేశాడు. పాట వచ్చిన దారినే వెనక్కి బయల్దేరింది. తొమ్మిది నెలల దారిని గంటలో నడవాలి కాబట్టి స్వరాలు పరుగులు పెట్టాయి. మొదటి స్వరం దగ్గరికొచ్చి, మెల్లగా, నిలబడ్డాయి.

చెల్లెలు అతని మణికట్టు పట్టుకుంది. "అయింది అన్నయ్యా. డాక్టరమ్మని పిలు."

పొద్దు వాలకముందే గోడ అవతల కేరుమని ఏడుపు వినిపించింది. అన్నయ్య వాళ్లమ్మ ఒళ్లో తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. డాక్టరమ్మతో వచ్చిన నర్సు తలుపు తీసి, "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు," అని చెప్పింది.

లోపల పిల్ల ఏడుస్తూనే ఉంది. ఎప్పుడు ఆపుతుందని ఎవరూ అడగలేదు.