లక్ష్ముడి ముక్కు

మరిగిన నీళ్ళు పొయ్యి మీంచి దించి, లక్ష్ముడు చిటికెడు ఎక్కువే వేశాడు టీ ఆకు. మూత పెట్టి కాసేపు ఆగి వడకట్టాడు. పాలు లేవు, పంచదార లేదు. కంచంలో చద్దన్నం, ఉల్లిపాయ, వంకాయ కూర. పక్కన గ్లాసు నిండా నల్ల టీ. లోకమంతా అన్నంలో మజ్జిగ కలుపుకుంటుంటే ఈ మనిషి మాత్రం నాలుగు ముద్దలకో గుక్క టీ తాగుతాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఇదే వరస.

"అంతాకు ఎందుకేసినావు? సేదు. నోట్లో ఎట్టనేం," అంది భార్య తాతమ్మ.

"ఆకులో పస నేదే. తోటలన్నీ పాడైపోనాయి. నీ కూరా అలాగే ఏడిసింది. వాసనా నేదు, రుసీ నేదు."

తాతమ్మకిది ఎనిమిది నెలలుగా రోజూ వింటున్న మాటే. తన కూర తను ముందే తీసి పెట్టుకుని, మొగుడి వంతులో ఇంత వెల్లుల్లి, ఇంత మసాలా దట్టిస్తోంది. అయినా తిట్లు తప్పడం లేదు.

కోటబొమ్మాళి బజారులో నగరేశ్వరరావు కిరాణా కొట్టు. వెనక గదిలో పూజాసామాను, పక్కగదిలో టీ బస్తాలు. అస్సాం ఆకు ఎంత, పొడి ఎంత కలపాలో చెప్పేది లక్ష్ముడు. టీకి పక్కనున్న వాసనంతా పట్టేస్తుందని ఆ గదికో కట్టుబాటు పెట్టాడు. తను తలకు నూనె రాసుకోడు. అతని జుట్టు చూస్తే పీచు గుర్తొస్తుంది. షావుకారు కోడలు ఝాన్సీలక్ష్మి అయినా సరే, తలలో పూలు తీసి గడప అవతల పెట్టి లోపలికి రావలసిందే. మావయ్యగారి మాట కాదనొచ్చు గాని లక్ష్ముడి మాట కాదనలేమని ఆమె నవ్వుతుంది. లక్ష్ముడు ఒక గుక్క జుర్రి, పుక్కిలించి ఉమ్మి, "ఊఁ" అంటే చాలు, షావుకారు రుచి కూడా చూడకుండా అమ్మకానికి పెట్టేస్తాడు. ఊరిలో లక్ష్ముడికి ఉన్న ఆస్తల్లా ఆ ముక్కూ, ఆ ఊఁ.

కిందటి వారం తుఫానుకి టీ గది కారింది. పొడిగా ఉన్నది పూజాసామాను గదొక్కటే. బస్తాలు అక్కడికి మార్చారు.

"బాబాయ్, కార్తీకం సరుకుందక్కడ. కర్పూరం డబ్బాలు విప్పేసున్నాయి," అంది ఝాన్సీలక్ష్మి.

"నాలుగు రోజులే కదమ్మా. వాసన పడితే నాకు తెల్దేటి?"

నాలుగు రోజుల తర్వాత బస్తాలు వెనక్కి వచ్చాయి. లక్ష్ముడు రుచి చూశాడు. ఊఁ అన్నాడు. సోమవారం నుంచి అమ్ముతున్నారు.

ఈ మధ్యాహ్నం అతను క్యారేజీ విప్పుకుని, పులుసన్నంలోకి టీ గ్లాసు పక్కన పెట్టుకుని తింటుండగా సంగీతం మాష్టారు ఉపేంద్ర వచ్చాడు. చేతిలో టీ పొట్లం.

"ఏమయ్యా నగరేశ్వరరావూ, టీ అమ్ముతున్నావా, హారతి అమ్ముతున్నావా? పొద్దున్న మా ఆవిడ గ్లాసిస్తే తాగాలో, కళ్ళకద్దుకోవాలో తెలీలేదు."

అందరూ నవ్వారు. లక్ష్ముడికి మాత్రం ఒళ్ళు మండింది. "మీ నీల్లు సూసుకోండి మాష్టారూ," అని చెయ్యి కడుక్కుని లేచాడు. అదే పొట్లంలో ఆకు తీసి, నీళ్ళు కాచి, నాలుగు గ్లాసులు పోశాడు. షావుకారు ఒక్క గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా కాలవ దగ్గరికి పరిగెత్తాడు. ఝాన్సీలక్ష్మి గ్లాసు దించేసి తల వంచుకుంది. లక్ష్ముడు సగం తాగాడు. వేడి తెలిసింది, వగరు తెలిసింది. మిగిలిన సగమూ తాగాడు.

"బాగానే ఉన్నాది కదేటి?" అన్నాడు.

మాష్టారి నవ్వు ఆగిపోయింది.

ఝాన్సీలక్ష్మి వెనక గదిలోకి వెళ్ళి ఒక బిళ్ళ తెచ్చి అతని అరచేతిలో పెట్టింది. లక్ష్ముడు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చల్లగా తగిలింది. గట్టిగా పీల్చాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక ముక్కు మూసి రెండోదానితో పీల్చాడు. చల్లదనమే తప్ప ఇంకేమీ లేదు.

"ఇది కర్పూరమేనా, అమ్మా?" అని అడిగాడు.

ఆమె అవునని తలూపింది. లక్ష్ముడికి దొంగతనం చేసి దొరికిపోయినా ఇంత భయం వేసేది కాదు. మాఘమాసంలో పడిశం పట్టింది, పది రోజులు మంచం మీదున్నాడు. అప్పటినుంచీ ఆకు మీద నెపం, తోటల మీద నెపం, తాతమ్మ మీద నెపం. ఇంటికి భోజనానికొచ్చిన పెళ్ళివారి బంతిలో, పదిమంది ఎదుట, నీ సేయి సచ్చిపోనాదే అన్నాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"బస్తా పోతే పోనాది. రేపట్నుంచి కాటా కాడ కూకో," అన్నాడు షావుకారు. తర్వాత ఏం చెయ్యాలో తోచక, "ఉండు, టీ ఎడతాను," అంటూ పెరటి వైపున్న వంటింట్లోకి నడిచాడు. పుట్టి బుద్ధెరిగి ఆయన పొయ్యి వెలిగించింది లేదు.

లక్ష్ముడు మేకుకున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఎక్కడికి బాబాయ్?"

"ముక్కు నేనోడికి టీ గదిలో పనేటమ్మా? ఇంటికెల్లిపోతాను. కూర బాగున్నాదని తాతమ్మకి సెప్పాల. ఎనిమిది నెల్ల కూరలు."

మెట్లు దిగి, ఎండలో తలొంచుకుని స్టేషను రోడ్డు వైపు వెళ్ళిపోయాడు. ఝాన్సీలక్ష్మి ఆపలేకపోయింది.

షావుకారు వేళ్ళు కాలుతుండగా గ్లాసు పట్టుకొచ్చి, "ఏడీ?" అన్నాడు. కోడలు వీధి చూపించింది. ఆయన ఆ గ్లాసు లక్ష్ముడి బల్ల మీద పెట్టి, సాసరుతో మూశాడు. సాయంత్రం షట్టరు దించేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వడకట్టాలని ఆయనకు తెలీదు కాబోలు, అడుగున వేలెడు మందాన టీ ఆకు పేరుకుని ఉంది.