నల్లరంగు కింది తుప్పు

నేను ఒక పాత మోటారు సైకిలు సీటును. మనుషుల బరువుకు నేనెప్పుడూ జడవలేదు. వాళ్ళు నన్ను నమ్మి, కిందికి ఒక్కసారైనా వంగి చూడకుండా ధీమాగా కూర్చుంటారే, అప్పుడు నాకు దడ పుడుతుంది. ఎందుకో చెబుతాను వినండి.

మద్రాసులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. ఇనపరేకును సుత్తితో కొట్టి, పళ్ళెంలా వంచి, దానిమీద స్ప్రింగులు, కొబ్బరిపీచు, స్పంజి పేర్చి, పైన రెక్సిన్ తొడిగారు. నన్ను మొదట కొన్న కంట్రాక్టరుగారు నా మీది ప్లాస్టిక్ కవరు తియ్యనివ్వలేదు. "కొత్తది మాసిపోతుంది" అనేవారు. కొన్న వస్తువును కాకుండా దాని కవరును వాడుకోవడం మనుషులకే చెల్లింది. ఆ కవరు సందుల్లోంచి వాననీళ్ళు లోపలికి దిగేవి, బయటికి పోవడానికి మాత్రం దారి లేదు. ఏళ్ళ తరబడి ఆ తడిలో నాని, వెనక కూర్చునేవాళ్ళ కింద ఉండే రేకు తుప్పుపట్టి అప్పడంలా తయారైంది.

ఆయన దగ్గర బండి కొన్న కాంపౌండరు ఒకనాడు నన్ను తిరగేసి ఆ తుప్పు చూశాడు. రోగాలు తెలిసినవాడు కదా, వైద్యం చేయిస్తాడని సంబరపడ్డాను. అతను బజారుకెళ్ళి నల్లరంగు డబ్బా తెచ్చి, తుప్పు మీద దట్టంగా పూసి, మర్నాడే బండిని అమ్మేశాడు.

కొన్నది మాడుగుల జోగినాయుడు. కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. స్తంభం ఎక్కేముందు మూడుసార్లు తట్టి చూసేవాణ్ణని ఊరంతా చెప్పుకుంటాడు కానీ, నన్ను ఒక్కసారీ తట్టలేదు. బండి మీద ఒక్కడే తిరిగేవాడు గనక ఇన్నాళ్ళూ నా వెనక భాగం మీద బరువు పడలేదు. అతని భార్య పైడితల్లి ఎక్కేది కాదు. నా రెక్సిన్ చిరిగి, ఒక స్ప్రింగు కొస పైకి పొడుచుకొచ్చింది.

"ఆ బొక్కల సీటు మీద నానెక్కను. సీర సిరిగిపోతాది" అనేది. ఆమె అలా అన్నప్పుడల్లా నా ప్రాణం కుదుటపడేది.

అలాంటిది, పాడేరులో ఆమె చెల్లెలు కొత్తిల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి ఘాటీరోడ్డు మీదుగా బండి మీద తీసుకెళ్తానన్నాడు నాయుడు. సీటు బాగుచేస్తేనే వస్తానంది ఆమె. అంతే, మర్నాడు పొద్దున్నే నన్ను ఊడదీసి వసారాలో చాప మీద పెట్టాడు. పక్కన సెల్‌ఫోన్లో వీడియో. అందులో ఎవడో హిందీలో చెబుతుంటే ఇతను తెలుగులో తలూపాడు.

పాత రెక్సిన్ పీకేశాడు. స్ప్రింగు కొస వంచాడు. నలిగిన స్పంజి మీద కొత్త ముక్క అంటించాడు. పైడితల్లి జాకెట్లు కుట్టే మిషను మీద మెరూన్ రెక్సిన్ కుట్టడానికి కూర్చుంది. దళసరిగా ఉండి సూది రెండుసార్లు విరిగింది. నాయుడు నన్ను తిరగేశాడు. చూస్తే నాకు చావు, చూడకపోతే ఆమెకు. తుప్పు బయటపడితే పాతసామాన్లవాడి బండికెక్కుతాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు బతకాలనే ఉంది.

"సూసినావేటే, ఇనప్పెట్టెలాగున్నాది! ఆ రోజుల్లో సరుకంటే అదీ" అన్నాడు నాయుడు, నల్లరంగు మీద చెయ్యి రాస్తూ.

"ఆ ఒంపుల కాడ నాకు గుండె జారిపోతాదయ్యా. పక్కనంతా లోయే కదా" అంది పైడితల్లి.

"సీటు మీద కదలకుండా కూకో. నీకేటి బయం?"

నా భయం నాకు తెలుసు. ఒక మలుపులో, బండి వంగినచోట, నేను ఫెళ్ళున విరుగుతాను. ఆమె చీర చెంగు గాలిలో కనబడుతుంది, తరవాత అదీ కనబడదు. మిషను చప్పుడు ఆగిపోతే బాగుండునని, సూదులన్నీ విరిగిపోతే బాగుండునని మొక్కుకున్నాను. మాకు దేవుడెవరో నాకు తెలియదు.

కుట్టు పూర్తయింది. తొడుగు బిగుతైంది. నన్ను బోర్లించి, "మోకాలేసి గట్టిగా నొక్కవే, నాను అంచులు గుంజుతాను" అన్నాడు నాయుడు. పైడితల్లి చీర ఎగదోపుకుని మోకాలు మోపింది. సరిగ్గా అక్కడే.

ఒక్క మోకాలిని ఆపే సత్తువ నాలో ఇంకా ఉంది. బిగబట్టుకుని ఉంటే చాలు, మెరూన్ తొడుగులో కొత్త పెళ్ళికూతురులా బండెక్కేదాన్ని. సీటుకు చేతనైనవి రెండే పనులు, పట్టి ఉంచడం, వదిలెయ్యడం. భయంతో కళ్ళు మూసుకున్నట్టయి, వదిలేశాను.

రేకు కరకరమని విరిగింది. ఆమె మోకాలు లోపలికి దిగి గీరుకుపోయింది. నాయుడు ఆ కంతలో చెయ్యి పెట్టాడు. నల్లరంగు పెచ్చులతో పాటు ఎర్రటి తుప్పు గుప్పెడు రాలింది. అతను అలాగే చతికిలబడిపోయాడు.

"దీని మీదేనా నిన్ను..." అన్నాడు.

"పైన పటారం, లోన లొటారం" అంది పైడితల్లి మోకాలికి పసుపు అద్దుకుంటూ.

ఊళ్ళో రేకుపని చేసేవాడి చేత కొత్త పళ్ళెం కొట్టించి, దానికే ఆ మెరూన్ తొడుగు వేశారు. నన్ను పెరట్లో పగిలిన బకెట్ల పక్కన పడేశారు. గృహప్రవేశం నాటి తెల్లవారుజామున బండి బయల్దేరిన చప్పుడు విన్నాను. ఆ కొత్త రేకును తట్టి చూశాడో లేదో! పాతసామాన్లవాడి కేక వీధిలో వినబడ్డా ఆ రోజు నాకు పట్టలేదు. ఘాటీ వైపు నుంచి వచ్చే ప్రతి బండినీ వింటూ ఉన్నాను. ఏదీ మాది కాదు.

పొద్దువాలాక వచ్చింది. ఇంటిముందు ఆగింది. నాయుడు దగ్గు ఒక్కటే వినిపించింది. ఆమె గొంతు లేదు. నా తుప్పంతా గడ్డకట్టినట్టయింది.

"ఓలమ్మో, నడుం ఇరిగిపోనాది!" అంది పైడితల్లి వీధిగుమ్మం దగ్గర. "ఇది సీటేటయ్యా, సాకిరేవు బండ! ఆ పాత సీటే నయం, మెత్తగుండీది."

మనుషులు! ఒక్కరోజు కూడా నా మీద కూర్చోని మనిషి. అయినా ఆ తిట్లు వింటూ, ఇంకా తిట్టమ్మా, ఇంకా తిట్టు అనుకున్నాను.