వంటషెడ్డు వెనక గుంట

సెప్టెంబరు మూడో శనివారం ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు, తెనాలిలోని ఒక మునిసిపల్ హైస్కూల్లో, తల్లిదండ్రుల కమిటీ అధ్యక్షురాలు ముబీనా కుర్చీలోంచి లేచి తన పదవి ఖాళీ అయిందని ప్రకటించారు. బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులే కమిటీలో ఉండాలి. ఆమెకు ఒక్కతే కూతురు. ఎనిమిదో తరగతి చదివే సిమ్రాన్ ఆగస్టు తొమ్మిదిన గుంటూరులోని ఒక ఆసుపత్రిలో డెంగ్యూతో చనిపోయింది.

ఆ తరవాత ముబీనా బాపట్లలో తల్లి దగ్గరే ఉంటున్నారు. సమావేశానికి పొద్దున రైల్లో వచ్చారు.

హెడ్మాస్టర్ కృపారావు ఆమెను కూర్చోమన్నారు. "ఈ సంవత్సరం ఆఖరుదాకా ఉండండమ్మా. ఎవరడుగుతారు?"

"మొన్నటిదాకా నేనే అడిగానండి," అన్నారు ముబీనా.

ఆమె అడిగిన మాట నిజం. అంతకుముందు ఈ సమావేశాలకు బడితో సంబంధం లేనివాళ్ళు వచ్చి మాట్లాడేవారు. మధ్యాహ్నం రెండైనా ఏదీ తేలేది కాదు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కూలికి పోయేవాళ్ళు. పూట పనిపోయిందని తిట్టుకుంటూ వెళ్ళేవారు. ఇంట్లో జాకెట్లు కుట్టే ముబీనా అధ్యక్షురాలయ్యాక కొన్ని పద్ధతులు పెట్టారు. పదింటికి మొదలుపెట్టాలి, పన్నెండింటికి ఆపేయాలి. ఏం మాట్లాడబోతున్నారో రెండు రోజుల ముందే గోడకు అంటించాలి. మాట్లాడేవాళ్ళు లేచి నిలబడి, ముందు పిల్లల పేరు, తరగతి చెప్పాలి. అవి చెప్పలేనివాళ్ళు వరండాలో కూర్చుని వినవచ్చు, మాట్లాడకూడదు.

అలా మొదట వరండాలోకి వెళ్ళింది మాజీ కౌన్సిలర్ వీరరాఘవయ్య. ఆయన మనవలు ప్రైవేటు స్కూల్లో చదువుతున్నారు. ఆ తరవాత ఆయన ఒక్క సమావేశం కూడా మానలేదు. పేపరు తెచ్చుకుని వరండాలో కూర్చునేవారు.

జూలై సమావేశంలో ఐదో అంశం వంటషెడ్డు వెనక గుంట. కొత్త మరుగుదొడ్ల కోసం తవ్వి వదిలేశారు. వాన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు అందులోనే నిలుస్తాయి. దాన్ని అజెండాలో పెట్టమన్నది మధ్యాహ్న భోజనం వండే రూతు. ఆమె కొడుకు ఏడో తరగతి.

ఆ రోజు నాలుగో అంశం పిల్లల టైలు, బెల్టులు. రైసు మిల్లులో గుమాస్తాగా చేసే రాజ్ కుమార్ దాని మీద చాలాసేపు మాట్లాడారు.

"ఒక్క నిమిషం మేడమ్, అయిపోవచ్చింది."

"మీ నిమిషం అయిపోయి చాలాసేపైంది, కూర్చోండి," అని ముబీనా అంటే అందరూ నవ్వారు.

ఆయన కూర్చునేసరికి పన్నెండైంది. రూతు లేచింది. "ఒక్క ముక్కమ్మా. పట్టపగలే దోమలు కుట్టేస్తన్నాయి అక్కడ."

"టైమైంది రూతమ్మా. వచ్చే నెల మొదట ఇదే తీసుకుందాం."

"అలాగేనమ్మా," అని రూతు గరిటె తీసుకుని వంటషెడ్డులోకి వెళ్ళింది.

ఎనిమిది బి గది కిటికీ వంటషెడ్డు వైపు ఉంటుంది. జూలై ఆఖరి వారంలో సిమ్రాన్‌కు జ్వరం వచ్చింది. ఆగస్టులో సమావేశం జరగలేదు.

సెప్టెంబరులో గోడకు అంటించిన కాగితం మీద రెండే అంశాలున్నాయి. ఒకటి పదవి ఖాళీ. రెండు గుంట. ఆ కాగితంలో ఏం రాయాలో ముబీనా బాపట్ల నుంచి ఫోన్లో చెప్పారు.

మొదటి అంశం కింద కనకదుర్గను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఆమె కొడుకు అభిరామ్ ఆరో తరగతి. కనకదుర్గ కుర్చీ దగ్గరకు వచ్చి నిలబడిపోయారు. "మీరు పక్కనే కూర్చోండక్కా," అన్నారు. ముబీనా తల అడ్డంగా ఊపి, చెప్పులు తొడుక్కుని వరండాలోకి వెళ్ళారు.

వీరరాఘవయ్య పేపరు మడిచి పక్క కుర్చీ ఖాళీ చేశారు. "రామ్మా. ఇక్కడ గాలి బాగా వస్తది."

"మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టింది నేనే, బాబాయ్ గారూ."

"తెలుసులే. కూర్చో."

లోపల రెండో అంశం మొదలైంది. గుంట పూడ్చమని మునిసిపాలిటీకి ఉత్తరం రాశామని, జవాబు రాలేదని కృపారావు చెప్పారు. కమిటీ డబ్బు వాడాలంటే అనుమతి కావాలన్నారు.

రాజ్ కుమార్ లేచారు. "సాహితి, తొమ్మిది ఏ. జవాబు రానివ్వండి సార్. వచ్చే నెల చూద్దాం."

వాయిదాకు ఒప్పుకునేవాళ్ళను కనకదుర్గ చేతులెత్తమన్నారు. ముందు వరుసలో చేతులు లేస్తున్నాయి. కిటికీ అవతల వరండాలో ముబీనా లేచి నిలబడి, మాట్లాడాలన్నట్టు చెయ్యెత్తారు.

"చెప్పండి," అన్నారు కనకదుర్గ. ఆ వెంటనే, అలవాటు కొద్దీ, "పిల్లల పేరు, తరగ—" అని ఆగిపోయారు.

లేచిన చేతులు దిగాయి.

"సిమ్రాన్," అన్నారు ముబీనా. "ఎనిమిది బి."

ఎవరూ అడ్డు చెప్పలేదు.

"జూలైలో ఈ అంశం ఆపింది నేనే. రూతమ్మ ఒక్క ముక్క అంది, టైమైందన్నాను. టైమైన మాట నిజమే. ఆ దోమ ఈ గుంటలోదేనని నేననట్లేదు. డాక్టరు గారిని అడిగాను. ఎక్కడ కుట్టిందో ఎవరూ చెప్పలేరన్నారు. నేను ఎక్కువసేపు తీసుకోను. వచ్చే నెల అనకండి. అంతే."

ఆమె కూర్చున్నారు. లోపల రూతు కొంగుతో ముఖం కప్పుకుంది. రాజ్ కుమార్ నిలబడే ఉన్నారు. "నేను చెప్పింది తీసేయండి మేడమ్," అన్నారు.

"డబ్బు సంగతి మరి?" అన్నారు కృపారావు, ఎవరినీ చూడకుండా.

వరండాలోంచి వీరరాఘవయ్య గొంతు వినిపించింది. "నేను మాట్లాడకూడదు గాబట్టి మాట్లాడట్లా. ట్రాక్టరు నాది. మట్టి మా చేల్లోంచి వస్తది. గేటు తాళం తీసి ఉంచండి చాలు."

గుంట పూడ్చడానికి ఒప్పుకునేవాళ్ళను కనకదుర్గ మళ్ళీ చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. వరండాలో ఉన్న ఇద్దరూ ఎత్తలేదు.

సమావేశం పదిన్నరకు ముగిసింది. మధ్యాహ్నం రైల్లో ముబీనా బాపట్ల వెళ్ళిపోయారు.

సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు మట్టి తోలడం మొదలుపెట్టారు. మధ్యాహ్న భోజనం గంట కొట్టేలోపు గుంట పూడింది.